ఇసకలో ఐదు గట్లు

తాటిదిబ్బ, మైపాడు దగ్గర
18 నవంబరు 1963

సందానీకి బావ హజరత్తయ్య దీవెనలు.

ఉత్తరం మొదట్లో అందరం క్షేమం అని రాయాలి కదా. నేను రాయను. నేనూ మీ అక్కా బతికున్నాం, అంతవరకు నిజం. గాలివాన వచ్చి పోయి పదిహేను రోజులైంది. పేపర్లో మా ఊరి పేరు వేశారో లేదో నాకు తెలియదు. వేసి ఉంటే నువ్వు ఈపాటికి పరిగెత్తుకొచ్చి ఉండేవాడివి అనుకుంటున్నాను.

మన దూదేకుల ఇళ్ళు పన్నెండింటిలో తొమ్మిది లేవు. మనవాళ్ళలో ఆడవాళ్ళూ పిల్లలూ కలిసి ఏడుగురు, మగవాళ్ళు నలుగురు పోయారు. మాకు నమాజు చదివించే ఖాసింతాత కూడా ఆ నీళ్ళలోనే పోయాడు. మసీదు గోడలు మాత్రం నిలబడ్డాయి. ఇప్పుడు ఏదన్నా అడగాలంటే ఆ గోడల్నే అడగాలి. నా విల్లు మైలు దూరంలో జాలర్ల వలకు తగులుకుని దొరికింది. నారి తెగింది. ఏకడానికి పత్తి ఎటూ లేదు కాబట్టి దానికీ నాకూ తీరికే.

రాయాల్సింది మీ అక్క సంగతి. మా అమ్మ పోయిన దగ్గర్నుంచి ఈ ఊళ్ళో మన ఆడవాళ్ళు ఎవరు పోయినా ఘుసులు చేయించి, అంటే ఆఖరి స్నానం చేయించి, కఫను గుడ్డ కట్టేది మస్తానమ్మే కదా. గాలివాన తర్వాత ఆమె నమాజుకు నిలబడటం లేదు. అన్నం కుండ ముట్టదు. వంట నేనే చేస్తున్నాను, అది ఇంకో కష్టం. ఎందుకమ్మా అంటే "నా చేతులు పనికిరావు" అంటుంది. తెల్లారితే పాక వెనక దిబ్బ మీదికి పోతుంది, చేతులు ఇసకలో రుద్దుతూనే ఉంటుంది. గవ్వలు గుచ్చుకుని అరచేతులు పుండ్లు పడ్డాయి. పిలిస్తే పలకదు.

నువ్వు రా. రాలేకపోతే ఇటువంటివి తెలిసినవాళ్ళను ఎవరినైనా పంపు. ఆస్పత్రిలో కాంపౌండరువి, నీకు తెలియని మనుషులుండరు.

హజరత్తయ్య


నెల్లూరు
25 నవంబరు 1963

బావకు సలాం.

నీ ఉత్తరం చూసి నీ చెల్లెలు పొయ్యి కూడా వెలిగించలేదు. సెలవు అడిగాను. వార్డుల్లో మనుషులు నేల మీద పడుకుని ఉన్నారు, ఇప్పుడు సెలవేమిటయ్యా అన్నారు. రెండోసారి అడిగితే ఉద్యోగమే మానేసి పొమ్మన్నారు. నా మీద కోపం పెట్టుకోకు.

అక్క చేతులకు పూతమందు రెండు డబ్బాలు పంపుతున్నాను. ఉప్పునీళ్ళలో అన్ని రోజులు నానితే చర్మం చిట్లుతుంది, దురద పెడుతుంది. అందుకే రుద్దుకుంటున్నది. పొద్దునా సాయంత్రం రాసి గుడ్డ కట్టు. ఇసకలో చేతులు పెట్టనీయొద్దు. వారంలో మానకపోతే నన్ను అడుగు.

మన టౌనువాళ్ళు సహాయ కమిటీ ఒకటి పెట్టారు. వచ్చే వారం మీ వైపు వస్తారు. పెద్ద మౌలీసాబు కూడా వస్తున్నారు. చాలా చదువుకున్న మనిషి. ఏం కావాలో ఆయనతో చెప్పుకో. నోరు మూసుకుని కూర్చోకు.

సందాని


తాటిదిబ్బ
4 డిసెంబరు 1963

సందానీకి,

నీ పూతమందు అందింది. మీ అక్క మూత తీసి వాసన చూసింది. "ఇది పూస్తే నా చేతులు మళ్ళా పనికొస్తాయంటనా?" అని అడిగింది. మూత మళ్ళీ బిగించి గూట్లో పెట్టింది. అక్కడే ఉంది.

కమిటీ వచ్చింది. మైపాడు దాకా జీపులో, అక్కడి నుంచి బండి మీద. ఇంటికి రెండు దుప్పట్లు, ఒక చీర, సోలెడు బియ్యం. జీవితమంతా పరుపులూ బొంతలూ కుట్టినవాడికి దుప్పటి ఇచ్చారు, ఫోటో కూడా తీశారు. ఒక గుమాస్తా పెద్ద కాగితం పట్టుకుని అడిగాడు. గేదెలెన్ని, పడవలెన్ని, పాక పొడుగెంత. మా ఇంట్లో మనిషి బతికుండీ చచ్చినట్టు ఉంది అయ్యా అన్నాను. దానికి కాగితంలో గడి లేదన్నాడు.

మౌలీసాబు మంచివారే. పిల్లల తలలు నిమిరారు. మసీదు అరుగు మీద కూర్చుని గంటసేపు ఉర్దూలో మాట్లాడారు. మధ్యలో ఆయనకే కళ్ళనీళ్ళు వచ్చాయి. మాకు కావలసింది చెప్పుకోమన్నావు, చెప్పుకున్నాం. అంతా దేవుడి రాత, ధైర్యంగా ఉండండి అన్నారు. ఆ మాటే మీ అక్కకూ చెప్పాను. ఆమె నా మొహంలోకి చూసి, "అంతేనా ఆయన చెప్పింది?" అన్నది. అంతే అన్నాను. మర్నాడు తెల్లారకముందే దిబ్బ మీదికి పోయింది.

పూతమందులూ దుప్పట్లూ చాలు. మనిషిని పంపమన్నాను.

హజరత్తయ్య


నెల్లూరు
10 డిసెంబరు 1963

బావకు,

కోపం తగ్గించుకుని ఇది చదువు. మా డాక్టరుగారికి అక్క సంగతంతా చెప్పాను. చేతుల జబ్బు కాదట, నరాల జబ్బట. మద్రాసు పిచ్చాస్పత్రిలో చూపించాలన్నారు. ఉత్తరం కూడా రాసిచ్చారు. అక్కడ కరెంటు పెడతారట, తగ్గుతుందట.

అక్కకు ఇప్పుడే చెప్పకు. బెదురుతుంది. ముత్తుకూరులో పెళ్ళి ఉందని చెప్పి బయలుదేరదీయి. నెల్లూరు స్టేషనులో నేను కలుసుకుంటాను. నీ చెల్లెలు తాయెత్తు ఒకటి కట్టించింది, దీంతో పంపుతున్నాను. నాకు నమ్మకం లేదుగాని కట్టు, పోయేదేముంది.

సందాని


తాటిదిబ్బ
15 డిసెంబరు 1963

సందానీ,

నీ చదువు తగలెయ్య. మా ఊళ్ళో ఇళ్ళే లేవురా, పెళ్ళికి పోదాం పదమంటే నవ్వదా ఆమె? మీ అక్కను మోసం చేసి రైలెక్కించమని నాకు రాస్తావా? కరెంటు పెడతారంట. నీకు పెట్టించుకో ముందు.

తిట్టడం అయింది. ఇప్పుడు విను. నేనూ నీలాంటి మూర్ఖుడినే. నెలన్నర నా కళ్ళముందు జరుగుతున్నదాన్ని నేనూ చూడలేదు.

మొన్న పొద్దున్నే ఆమె వెనకే దిబ్బ మీదికి పోయాను. చాటున నిలబడ్డాను. ఆమె చేతులు రుద్దుకోవడం లేదు సందానీ. ముందు ఇసకను దోసిళ్ళతో పోసి గట్టు కట్టింది. మనిషి పొడుగు గట్టు. పక్కన ఇంకొకటి. అట్లా నాలుగు. ఐదోది చిన్నది, మూడడుగులు కూడా లేదు. తర్వాత మొదటి గట్టు పక్కన కూర్చుని రెండు అరచేతులూ ఎండు ఇసక మీద కొట్టింది. దులిపింది. గట్టు తలవైపు మెల్లగా, ముఖం తుడిచినట్టు తుడిచింది. మళ్ళీ కొట్టింది. కుడిచేతి వైపు తుడిచింది, తర్వాత ఎడమ. మా నాయనకు ఘుసులు చేయించింది నేనే, కాబట్టి నాకు ఆ పద్ధతి తెలుసు. నీళ్ళు దొరకనప్పుడు మట్టితో చేసేది అది. ఐదూ అయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. సాయంత్రం గాలికి గట్లు చెదిరిపోతాయి. మళ్ళీ తెల్లారితే మొదలు.

ఆ రోజు ఏం జరిగిందో నీకు రాయలేదు. రాస్తే మళ్ళీ చూడాలి కదా అని రాయలేదు. మూడో రోజుకు శవాలు దొరికాయి. మంచినీళ్ళ బావి సముద్రపు నీళ్ళతో, బురదతో పూడిపోయింది, లోపల గొడ్డు చచ్చిపడి ఉంది. సముద్రం ఒడ్డున నీళ్ళు కూడా బురదతో, కుళ్ళిన గొడ్లతో ముట్టడానికి లేకుండా ఉన్నాయి. మట్టితో చేద్దామంటే ఊరంతా బురద, గుప్పెడు పొడిమట్టి ఎక్కడా లేదు. మీ అక్క ఏం చేసిందో తెలుసా? రాలిపడిన టెంకాయలు ఏరుకొచ్చి కొట్టింది. ఆ నీళ్ళతో ఇద్దరికి చేయించింది. మూడోమనిషి దగ్గరికి వచ్చేసరికి సర్కారు ఆఫీసరు మనుషులతో వచ్చాడు. కలరా వస్తుంది, ఇంక ఆగడానికి లేదన్నాడు. ఆయన తప్పూ కాదు. మనవాళ్ళనీ, జాలర్లనీ, అందరినీ కలిపి పడమటి దిబ్బలో ఒకే గుంతలో పెట్టారు. మీ అక్క గుంత గట్టున కూర్చుని కాయ చేత్తో పట్టుకుని, "ఒక్క నిముషం అయ్యా, ఈ బిడ్డ మొగమన్నా కడగనీయండి" అని బతిమాలింది. ఎవరూ వినలేదు. ఆ బిడ్డ పక్కింటి జైనబమ్మ కూతురు గౌసియా. ఆరేళ్ళది. జైనబమ్మ కూడా అట్లా కడగకుండా పోయిన ఐదుగురిలోనే.

నిన్న నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను. అప్పుడు నోరు విప్పింది. "నేను కడగకండానే పంపించినా. రేపు అల్లా కాడ ఆ బురద మొకాలతోనే నిలబడతారు. నీకెవరు కడిగినారని అడిగితే నా పేరే కదా చెప్పేది?" అన్నది. టెంకాయ నీళ్ళతో చేయించింది చెల్లుతుందో లేదో అని ఇంకో భయం. నేనేం చెప్పను? నాకు ఖురానులో వచ్చింది రెండు సూరాలు.

ఆమెకు పిచ్చి లేదురా. అప్పు తీర్చుకుంటున్నది. చెల్లుతుందో లేదో పెద్దమనిషిని అడిగి రాయి. తాయెత్తు నీళ్ళలో పారేశాను.

హజరత్తయ్య


నెల్లూరు
21 డిసెంబరు 1963

బావా,

నీ ఉత్తరం ఆస్పత్రి మందుల గదిలో కూర్చుని చదివాను. ఇక అక్కడ పని చేయలేకపోయాను. పెళ్ళని చెప్పమన్నందుకు సిగ్గుపడుతున్నాను. తిట్టు, పడతాను.

ఆ సాయంత్రమే మౌలీసాబు ఇంటికి పోయాను. అంతా ఉర్దూలో చెప్పాను. ఆయన విని తల పట్టుకున్నారు. జవాబు ఇది, జాగ్రత్తగా చదివి వినిపించు. నీళ్ళలో పోయినవాళ్ళకు అల్లా దగ్గర షహీదుల దర్జా, అంటే ధర్మం కోసం ప్రాణమిచ్చినవాళ్ళ హోదా, ఉంది. నీళ్ళూ లేక, మట్టీ లేక, వీలే లేకపోయినప్పుడు ఆ బాధ్యత బతికున్నవాళ్ళ మీద ఉండదు. ఆ ఐదుగురి విషయంలో ఆమె మీద పాపం గోరంత కూడా లేదు. టెంకాయ నీళ్ళు పట్టుకున్న ఆ చేతుల్ని అల్లా చూశాడు, అది చాలు అన్నారు.

ఇప్పుడు నేను నిన్ను తిట్టాలి. ఆయన ఏమన్నారో తెలుసా? "నేను అక్కడే అడిగాను కదా. ఘుసులు, కఫను, నమాజు అన్నీ జరిగాయా అని మూడుసార్లు అడిగాను. ముందు వరసలో ఒక పెద్దాయన ప్రతిసారీ జీ, జీ అన్నాడు. అన్నీ సక్రమంగా జరిగాయనుకుని వచ్చేశాను" అన్నారు. ఎర్ర తలగుడ్డ, కుడిచెవికి పోగు అని గుర్తులు కూడా చెప్పారు. ఊళ్ళో చెవిపోగు ఎవరికి ఉంది బావా?

ఒక్కమాట చెప్పి ఉంటే ఆ రోజే, ఆ అరుగు మీదే తీరిపోయేది. చెప్పుకున్నాం అని నాకు రాశావే! నీ వల్ల అక్క ఇంకో ఇరవై రోజులు ఆ గవ్వల్లో చేతులు కొట్టుకుంది.

సందాని


తాటిదిబ్బ
26 డిసెంబరు 1963

సందానీ,

నేనే. ఆ జీ జీ అన్నది నేనే.

ఆయన ఏం మాట్లాడారో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఎవరికీ కాలేదు. టౌనులో మనల్ని ఏమంటారో నీకూ తెలుసు. ఉర్దూ రానివాళ్ళు, పేరుకే సాయిబులు అని నవ్వుతారు. అంత పెద్దమనిషి మా అరుగు మీద కూర్చుంటే, అయ్యా నాకు మీ మాట రాదు అని చెప్పడానికి నోరు రాలేదు. ఆయన ఆగినప్పుడల్లా తల ఊపాను. జీ అన్నాను. నా వెనక అందరూ నన్ను చూసి అన్నారు. దేవుడి రాత, ధైర్యంగా ఉండండి అన్నది ఆయన మాట కాదు, నేను కల్పించింది. మీ అక్క అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా.

ఇంకా విను, దీనికంటే ఘోరం. నీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. షహీదుల దర్జా, పాపం లేదు, అన్నీ చదివాను. ఆమె అంతా విని, "ఇది కూడా నువ్వు కల్పించిందేనా?" అన్నది. అక్షరం చూపించాను. ఆమెకు చదువు రాదాయె. "ఆ పొద్దు కూడా నీ మొకం ఇట్టానే ఉండింది. నేను అప్పుడే కనిపెట్టినా. నన్ను ఊరుకోబెట్టేదానికి చెప్తావుండావు" అని లేచి దిబ్బ మీదికి పోయింది.

నా మాట ఇక చెల్లదు. కాగితం చెల్లదు. ఎవరైనా మనిషి రావాలి, తెలుగులో చెప్పాలి, నా నోటి మీదుగా కాకుండా చెప్పాలి. నీ కాళ్ళు పట్టుకుంటాను.

హజరత్తయ్య


నెల్లూరు
28 డిసెంబరు 1963

బావా,

మౌలీసాబు రంజాను దాకా రాలేరట, ఒంట్లో బాగాలేదు. వచ్చినా తెలుగు రాదు. నాకు సెలవు మళ్ళీ కొట్టేశారు. విసుగొచ్చి కాగితం అక్కడే చించాను.

ఆలోచించి ఇమాంబీని పంపుతున్నాను. మా శవాల గదిలో దిక్కులేని ముసల్మాను ఆడవాళ్ళకు ఘుసులు చేయించే ముసలమ్మ. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. చదువు లేదు, నోరు మంచిది కాదు, నస్యం పీలుస్తుంది. కాని మనలాగే దూదేకుల మనిషి, వెంకటాచలం వైపు పుట్టుక, మాట్లాడేది మన తెలుగే. సంగతి చెబితే, "ఇంతకాలం ఏం గడ్డి పీకుతున్నారబ్బయ్యా మీరు?" అని నన్ను తిట్టింది. సోమవారం పొద్దున బస్సుకు మైపాడులో దిగుతుంది. నువ్వు బస్సు దగ్గర ఉండు. నడవలేదు, బండి మాట్లాడు. ఆమె అక్కతో మాట్లాడేటప్పుడు నువ్వు మధ్యలో దూరకు.

సందాని


తాటిదిబ్బ
5 జనవరి 1964

సందానీకి బావ దీవెనలు, మీ అక్క దీవెనలు. రెండోది ఆమె రాయమంటేనే రాస్తున్నాను.

ఇమాంబీ వచ్చింది. బండి దిగగానే నన్ను ఎగాదిగా చూసి, "నువ్వేనా ఆ జీ జీ సాయిబు?" అన్నది. ఊరంతటికీ చెప్పి పంపావా? సరే, పడ్డాను.

మంచినీళ్ళు కూడా తాగకుండా దిబ్బ మీదికి పోయింది. మీ అక్క గట్ల దగ్గర ఉంది. ఈమె పోయి ఆపుతుందేమో అనుకున్నాను. ఆపలేదు. మోకాళ్ళు పట్టుకుని కష్టపడి కూర్చుని, మొదటి గట్టు చూపించి, "ఇది ఎవురమ్మా?" అని అడిగింది. అంతే. రెండు నెలలుగా ఆ ప్రశ్న ఎవరమూ అడగలేదు సందానీ. మీ అక్క ఆమె వైపు తిరిగింది. "జైనబమ్మ" అన్నది. తర్వాత మౌలమ్మ, చాన్‌బీ, ఖాసింతాత కోడలు పీరమ్మ. చిన్నదాని దగ్గర నోరు పెగల్లేదు. ముసలమ్మ తొందరపెట్టలేదు, నస్యం పీల్చుకుంటూ కూర్చుంది. ఆఖరికి "గౌసియా" అన్నది, అని ఏడ్చింది. గాలివాన తర్వాత ఆమె ఏడవడం అదే మొదలు. నేను దూరంగా నిలబడి నా తలగుడ్డతో మొహం తుడుచుకున్నాను.

టెంకాయల సంగతి కూడా చెప్పింది. ముసలమ్మ నవ్వింది. "నా కాడికి కాలిపోయిన వాళ్ళు వస్తారు. చెయ్యి తగిలితే చర్మం ఊడొస్తాది. పైనుంచి నీళ్ళు ఒంపి వదిలేస్తా. రైలు కింద పడినోళ్ళకి అదీ లేదు, మూట కట్టి పంపిస్తా. నీకు టెంకాయలన్నా దొరికినాయి" అన్నది. మౌలీసాబు మాట కూడా చెప్పింది, నువ్వు రాసినట్టే. మీ అక్క మెల్లగా, "అయితే మా ఆయన చదివింది నిజమేనా?" అన్నది. "ఈసారికి నిజమే" అన్నది ముసలమ్మ.

తర్వాత ఒక మాట అన్నది. అది అన్నప్పుడు మాత్రం ఆమె గొంతు మారింది. "చూడమ్మా, ఈ పని చేసేదానివి, నీకు తెలవదా? ఘుసులు ఒక మనిషికి ఒక్కసారే. కడిగినాక పంపించేయాల. నువ్వు రోజూ కడగతావుంటే వాళ్ళు ఎట్టా పోతారు? ఆ బిడ్డ రెండు నెల్లుగా ఎండలో పండుకోనుంది." మీ అక్క చేతులు అక్కడే ఆగిపోయాయి.

మర్నాడు షబేబరాత్. మామూలుగా గోరీలు శుభ్రం చేసి ఫాతిహా చదివే రోజు. ఈసారి మా ఊళ్ళో ఎవరూ ఎక్కడికీ పోవడానికి లేదని కూర్చున్నాం. ముసలమ్మ అందరినీ లేపింది. పొద్దున ఆడవాళ్ళందరూ దిబ్బ మీద కూర్చుని ఐదు గట్లకూ పేరు పెట్టి పిలిచి ఆఖరిసారి తుడిచారు. సాయంత్రం ఎండ ఉండగానే పడమటి దిబ్బకు పోయాం. జాలర్లు కూడా వచ్చారు, వాళ్ళవాళ్ళూ అందులోనే ఉన్నారు కదా. ఎవరు చదవాలంటే అందరూ నన్ను చూశారు. నాకు వచ్చిన రెండు సూరాలు చదివాను. తర్వాత ఏం చేయాలో తెలియక తెలుగులోనే అడిగాను. "దేవుడా, వీళ్ళకు మేం చేయగలిగింది చేసినాం, చేయలేనిది నువ్వు చెయ్యి" అన్నాను. ఉర్దూ రాకపోయినా ఆయనకు అర్థమై ఉంటుంది. మీ అక్క గట్టిగా ఆమీన్ అన్నది.

అంతా తీరిపోయిందని రాయను, నీకు అబద్ధం రాసి ఒకసారి అనుభవించాను. మూడు రోజులు దిబ్బ మీదికి పోలేదు. నాలుగో రోజు పోయింది. చాటున చూశాను. చిన్న గట్టు ఒక్కటే కట్టింది. తుడవలేదు. కాసేపు పక్కన కూర్చుని, తన చేత్తోనే చదును చేసి వచ్చింది. కుండ పొయ్యి మీద పెట్టింది. అన్నం మాడింది, నేను నోరెత్తకుండా తిన్నాను.

మౌలీసాబుతో చెప్పు. రంజానులో వస్తే రమ్మను. అరుగు మీద అందరి ముందూ, అయ్యా నాకు మీ మాట రాదు అని నేనే మొదట చెబుతాను. తెలుగు చెప్పేవాడిని ఒకడిని వెంట తెచ్చుకోమను.

ఇంకో సంగతి. నువ్వు పంపిన పూతమందు మొదటి నుంచీ గూట్లోనే ఉంది. నిన్న సాయంత్రం మీ అక్క తనే దింపి, మూత తీసి, చేతులు నా ముందు చాపింది. రాశాను. పుండ్లు పెద్దవి, రెండు డబ్బాలూ చాలవు. ఇంకో రెండు పంపు.

హజరత్తయ్య